21 గేర్లు చూసి సైకిల్ కొనకండి

డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. రూముకీ కోచింగ్ సెంటర్‌కీ మధ్య నాలుగైదు కిలోమీటర్లు. ఆటోకి రోజూ డబ్బులు పెట్టలేం. బైక్ కొనివ్వమని ఇంట్లో అడగడానికి మొహం చెల్లదు. అప్పుడు గుర్తొస్తుంది సైకిల్. ఫోన్ తీసి వెతికితే పది, పన్నెండు వేలకే అదిరిపోయే మౌంటెయిన్ బైక్ కనిపిస్తుంది. 21 గేర్లు, ముందూ వెనకా సస్పెన్షన్, రెండు డిస్క్ బ్రేకులు, లావుపాటి టైర్లు. జూనియర్లు ఇలాంటి లింకులు పంపి ‘అన్నా, తీసుకోవచ్చా?’ అని అడుగుతుంటారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఆ ధరకి అన్ని ఫీచర్లు ఇస్తున్నారంటే, ఏదీ సరిగ్గా ఇవ్వడం లేదని అర్థం.

ఎంటీబీ వద్దని నేను అనడం లేదు. మన రోడ్లకి, మన గుంతలకి, మన స్పీడ్ బ్రేకర్లకి అది మంచి ఎంపికే. నేను చెప్పేదల్లా, సైకిల్‌ని ఫీచర్ల లిస్టు చూసి కొనకండి. మీ వీధి చివర షాపులో రిపేరు చేయించగలరా, మీ చేత్తో మీరు సంభాళించుకోగలరా అన్నది చూసి కొనండి. సంపాదన మొదలవ్వని రోజుల్లో ఈ తేడా చాలా పెద్దది.

పేరులోనే రిపేరు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీలో 1970ల్లో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లని కొండల మట్టిదారుల్లో దింపడం మొదలుపెట్టారు. మౌంటెయిన్ బైకింగ్ ఇవాళ్టి రూపానికి వచ్చింది ఎక్కువగా అక్కడి నుంచే. 1976లో అక్కడ మొదలైన రేసు పేరు ‘రీప్యాక్’. ఆ పేరు ఎందుకంటే, పెడల్ వెనక్కి తొక్కితే పడే ఆ పాత హబ్ బ్రేకులు ఒక్కసారి కొండ దిగేసరికి వేడెక్కి లోపలి గ్రీజు కాలిపోయేది. మళ్లీ దిగాలంటే హబ్ విప్పి కొత్త గ్రీజు నింపాలి. అంటే ఈ ఆటలో తొలి రోజుల రేసు పేరే ఒక మెయింటెనెన్స్ పని! వాళ్ల సైకిళ్లకి సస్పెన్షన్ లేదు. రాక్‌షాక్స్ కంపెనీ ముందు ఫోర్క్ సస్పెన్షన్‌తో వచ్చింది 1989లో. కొండలు దిగినవాళ్లే అన్నేళ్లు లేకుండా నడిపించారు. కోచింగ్ సెంటర్‌కి వెళ్లే మనకి రెండు వైపులా అవసరమా?

గేర్ల లెక్క చూద్దాం

ఇంజినీరింగ్ చదివారు కదా, ఓ చిన్న లెక్క వేయండి. మామూలు 21 గేర్ల సైకిల్‌కి ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు మూడు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు ఉంటాయి. ముందు పళ్లని వెనక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ముందు 42, వెనక 28 అయితే 1.5. ముందు 24, వెనక 16 అయినా అదే 1.5. ముందు 42, వెనక 24 అయితే 1.75. 34కి 20 అయితే 1.7. 24కి 14 అయితే 1.71. కాలికి ఈ మూడింటి మధ్య తేడా తెలియనే తెలియదు. పైగా ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వేస్తే చైన్ అడ్డంగా లాగుతుంది, త్వరగా అరిగిపోతుంది. ఇవన్నీ తీసేస్తే 21లో నిజంగా పనికొచ్చేవి దాదాపు సగమే మిగులుతాయి.

ఇప్పుడు ఇంకో సైకిల్ తీసుకోండి. ముందు 32 పళ్ల చక్రం ఒక్కటే, వెనక 11 నుంచి 34 దాకా ఎనిమిది. చిన్న గేర్ 0.94, పెద్ద గేర్ 2.9. మన 21 గేర్ల సైకిల్‌లో ఇవి 0.86, 3. ఎనిమిది గేర్లతోనే దాదాపు అదంతా వచ్చేసింది. ముందు గేర్ మార్చే డీరైలర్, దాని కేబుల్, ఎడమ చేతి షిఫ్టర్ అవసరమే లేదు. తక్కువ భాగాలుంటే తక్కువ రిపేర్లు.

అసలు మీకు గేర్లు కావాలా అన్నది మీ ఊరిని బట్టి ఉంటుంది. విశాఖలోనో, బంజారాహిల్స్ వైపో అయితే ఎత్తులు ఎక్కాలి కాబట్టి కావాలి. విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల చదునైన రోడ్ల మీదే తిరుగుతారంటే గేర్లు లేని సైకిల్ కూడా చక్కగా సరిపోతుంది.

వెనక స్ప్రింగు మీ బలం తింటుంది

చవక సైకిల్‌కి వెనక సస్పెన్షన్ అంటే ఓ స్ప్రింగు, రెండు మూడు కీళ్లు. మీరు పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ స్ప్రింగు నొక్కుకుంటుంది. చక్రానికి వెళ్లాల్సిన బలంలో కొంత అక్కడే పోతుంది. కొన్నాళ్లకి కీళ్లు అరిగి కిర్రుకిర్రు మొదలవుతుంది. ఆ భాగం వీధి షాపులో దొరకదు. బరువు సంగతి చెప్పక్కర్లేదు. రెండో అంతస్తు రూముకి మోసుకెళ్లి చూడండి, మీకే తెలుస్తుంది.

రోడ్డుకి సస్పెన్షన్ లేని గట్టి ఫోర్క్ చాలు. అప్పుడప్పుడు వికారాబాద్ అనంతగిరి కొండల మట్టిదారుల్లాంటి చోట్లకి వెళ్లే సరదా ఉంటే, ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ తీసుకోండి. కొనే ముందు మాన్యువల్‌లో ఓ విషయం చూడండి. చాలా కంపెనీలు ఈ సైకిల్ ఏ రకం దారికి తయారైందో అంకెల్లో రాస్తాయి. అమెరికన్ ప్రమాణమైన ఏఎస్‌టీఎం ప్రకారం 1 అంటే తారు రోడ్డు. 2 అంటే కంకర, మట్టి రోడ్లు, 15 సెంటీమీటర్లకి మించని చిన్న దిగుళ్లు. 3 అంటే రాళ్లూ రప్పల ట్రెయిళ్లు. లావు టైర్లున్నంత మాత్రాన సైకిల్ మూడో రకం అయిపోదు. ఆకారం కొండది, ఫ్రేమ్ రోడ్డుది అయినప్పుడు దాంతో గెంతులు వేస్తే విరిగేది సైకిల్ ఒక్కటే కాదు.

బ్రేకులు, టైర్లు, సైజు

డిస్క్ బ్రేక్ వానలో బాగా పట్టుకుంటుంది, నిజమే. కానీ నాసిరకం డిస్క్ కంటే మంచి వీ-బ్రేక్ మేలు. దాని రబ్బరు బ్లాకులు ఎక్కడైనా దొరుకుతాయి, పది నిమిషాల్లో మీరే మార్చుకోవచ్చు. డిస్కే కావాలంటే కేబుల్‌తో పనిచేసేది తీసుకోండి. హైడ్రాలిక్ బాగుంటుంది కానీ అందులో ఆయిల్ మార్చగలిగే మెకానిక్ మీ దగ్గర్లో ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి.

ఎంటీబీ టైర్ల మీద గుబ్బలు మట్టిలో పట్టు కోసం. తారు రోడ్డు మీద అవి రొద చేస్తూ మిమ్మల్ని వెనక్కి లాగుతాయి. రోజూ రోడ్డు మీదే అయితే గుబ్బలు తక్కువున్న టైర్లు వేయించండి. టైరు పక్కన ఎన్ని పీఎస్ఐ గాలి ఉండాలో రాసి ఉంటుంది. ఆ పరిధి దాటకూడదు. చాలా ఎంటీబీల ట్యూబులకి బైక్ ట్యూబుల్లాంటి వాల్వే ఉంటుంది కాబట్టి పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవచ్చు. కాకపోతే కంప్రెసర్‌తో క్షణాల్లో ఎక్కువైపోతుంది, దగ్గరుండి చూసుకోండి.

అన్నింటికంటే ముఖ్యం సైజు. సైకిల్‌కి రెండు వైపులా కాళ్లు వేసి నిలబడితే పై రాడ్డుకీ మీకూ మధ్య కనీసం రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని, కిందకి వచ్చిన పెడల్ మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు కిందకి దించేసి తొక్కితే మోకాళ్లు నొప్పెడతాయి. ఆన్‌లైన్‌లో ఇది తెలియదు. షాపుకి వెళ్లి, ఎక్కి, తొక్కి చూడండి.

‘లుక్ ఉండాలి కదా!’

ఈ మాట చాలామంది అంటారు. నేను కొట్టిపారేయను. ఫ్రెండ్స్ బుల్లెట్ల మీద తిరుగుతుంటే మనం సైకిల్ మీద వెళ్లడానికి కాస్త ధైర్యం కావాలి. చూడగానే బాగుంది అనిపించే సైకిల్ ఆ ధైర్యం ఇస్తుంది. కానీ ఏ హాస్టల్ పార్కింగ్‌కైనా వెళ్లి చూడండి. చైన్ తుప్పు పట్టి, టైర్లు నేలకి అతుక్కుపోయి, దుమ్ముకొట్టుకుపోయిన ఎంటీబీలు కనిపిస్తాయి. ఎవరికీ చెడ్డ సైకిల్ కొనాలని ఉండదు. ఒక భాగం పాడైంది, షాపతను దొరకదన్నాడు, అలా మూలకి చేరింది. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బు అక్కడే తుప్పు పడుతోంది. ఆర్నెల్ల తర్వాత కూడా తిరిగే సైకిలే అందమైన సైకిల్.

సైకిల్ బడ్జెట్‌లో కొంత ముందే పక్కన పెట్టండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, గట్టి తాళం, చేతి పంపు, పంక్చర్ కిట్, ఎలెన్ కీ సెట్, చైన్ ఆయిల్. వీటితో పాటు మడ్‌గార్డులు. ఎంటీబీలకి చాలావరకు ఇవి రావు. వాన పడ్డ రోజు మడ్‌గార్డు లేకుండా ఇంటర్వ్యూకి వెళ్తే, తెల్ల చొక్కా వీపు మీద బురద చార ముందుగా లోపలికి వెళ్తుంది.

వారానికి పదిహేను నిమిషాలు

ఎక్కే ముందు రోజూ మూడు చూడండి: గాలి, బ్రేకులు, చైన్. ఆదివారం ఓ పావుగంట కేటాయించండి.

చైన్‌ని పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె, వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు. దుమ్ము పట్టి అదే గరుకు పేస్టులా మారి పళ్లని తినేస్తుంది. డిస్క్ మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు, బ్రేకు పట్టదు. విశాఖలాంటి సముద్ర తీరంలో ఉంటే ఉప్పు గాలికి తుప్పు త్వరగా పడుతుంది, అక్కడ ఇంకాస్త తరచుగా చేయాలి.

నెలకోసారి చైన్ కొలవండి. ఒక పిన్ను దగ్గర టేపు పెట్టి 24 పిన్నులు లెక్కపెడితే, కొత్త చైన్ అయితే సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగిందా, చైన్ మార్చే టైమ్ వచ్చింది. మూడు మిల్లీమీటర్లు పెరిగే దాకా ఆగితే వెనక పళ్ల చక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది. అంటే ఒక ఖర్చు బదులు రెండు.

గేర్ సరిగ్గా పడకపోతే వెంటనే షాపుకి పరిగెత్తకండి. వెనక డీరైలర్‌లోకి కేబుల్ వెళ్లే చోట చిన్న మర ఉంటుంది. దాన్ని అర చుట్టు తిప్పి, చూసి, మళ్లీ తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది. డీరైలర్ ఉండేది కుడి వైపు. అందుకే సైకిల్‌ని కుడి పక్కకి పడనివ్వకండి. పడితే డీరైలర్‌ని పట్టుకునే హ్యాంగర్ వంగుతుంది. తర్వాత చిన్న గేర్ వేసినప్పుడు డీరైలర్ వెళ్లి పుల్లల్లో ఇరుక్కోవచ్చు.

ఇది కెరీర్ పేజీలో ఎందుకు?

సైకిల్ గురించి చెబితే ఉద్యోగం వచ్చేస్తుందని నేను అనను. కానీ ‘మీరు స్వయంగా ఏదైనా సమస్య పరిష్కరించారా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, కొనుక్కొచ్చిన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి తడబడటం కంటే గేర్ ఎందుకు జారుతోందో మీరు ఎలా కనిపెట్టారో చెప్పడం నయం. కేబుల్ లూజా, చైన్ అరిగిందా, హ్యాంగర్ వంగిందా? ఒక్కోటీ పరీక్షించి, ఒక్కోటీ కొట్టేస్తూ అసలు కారణం దగ్గరికి రావడం. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికినా, ఫ్యాక్టరీలో మెషీన్ ఆగినా చేసే పని ఇదే. చేత్తో చేసినవాడి మాటలో తేడా తెలిసిపోతుంది.

కాబట్టి ఈసారి షాపుకి వెళ్లినప్పుడు ‘ఎన్ని గేర్లు?’ అని అడగకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. నా ఎత్తుకి ఏ సైజు? ఈ చైన్, బ్రేక్ బ్లాకులు, ట్యూబ్ ఈ ఊర్లోనే దొరుకుతాయా? ఫ్రీ సర్వీస్ ఎక్కడ, ఎవరు చేస్తారు? ఒక రౌండ్ తొక్కి చూడొచ్చా? నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పిన షాపులో, ఆ రౌండ్‌లో మీకు హాయిగా అనిపించిన సైకిల్ కొనండి. దానికి ఏడు గేర్లే ఉన్నా పర్వాలేదు.