ముఖ్యపట్టణం ఎవరికి దగ్గర?

పిల్లలూ! ఈ నెల ఆఫ్రికా ఖండం చూద్దాం. అట్లాసు తెరిచి నేలమీద పరవండి. వంటింట్లో చింతగింజలు ఉంటే అమ్మనడిగి ఒక పిడికెడు తెచ్చుకోండి. ఆఫ్రికాలో ఐక్యరాజ్యసమితి సభ్యత్వం ఉన్న దేశాలు 54. ఒక్కొక్క దేశపు ముఖ్యపట్టణం మీద ఒక్కొక్క గింజ పెట్టండి. పేర్లు నోరు తిరగకపోతే ఫరవాలేదు. యాభైనాలుగు పేర్లూ కంఠతా పట్టమని నేను హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు, మిమ్మల్నీ అడగను. గింజలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి, అది చాలు.

మొదట పడమటి ఒడ్డు. సెనెగల్‌కు డాకర్, గాంబియాకు బంజుల్, గినీ బిస్సావుకు బిస్సావు, గినీకి కొనాక్రీ, సియెర్రా లియోన్‌కు ఫ్రీటౌన్, లైబీరియాకు మన్రోవియా, ఘానాకు అక్రా, టోగోకు లోమే. అన్నీ సముద్రపు ఒడ్డునే! వీటిలో చాలా దేశాలు లోపలికి వందల మైళ్ళు సాగి ఉన్నాయి. అయినా ముఖ్యపట్టణం మాత్రం అంచున కూర్చుంది. ఎందుకు?

మదనపల్లె పక్కనున్న మా అంగళ్లుకు పేరులోనే అంగడి ఉంది. ఈ చుట్టుపట్ల టమాటాలు కోసినవాళ్ళు వాటిని మండీకి తోలుకుపోతారు. లారీలు ఎక్కడ ఆగుతాయో సరుకు అక్కడికి చేరాలి గదా! పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, పోర్చుగీసువాళ్ళు ఆఫ్రికాను వాటాలు వేసుకున్నారు. వాళ్ళకు కావలసింది ఓడ ఆగే చోటు. సెనెగల్లో పండే వేరుశనగ, అంటే మన చెనిక్కాయే, రేవుకు రావాలి. ఘానాలో పండే కోకో గింజలు రేవుకు రావాలి. అందుచేత రేవు దగ్గరే దొర బంగళా, కచేరీ, ఖజానా అన్నీ వెలిశాయి. రైలుపట్టాలు కూడా రేవునుంచి లోపలికి వేశారేగాని, లోపల ఒక ఊరినుంచి ఇంకో ఊరికి వేయడం తక్కువ. ఫ్రీటౌన్, మన్రోవియాల పుట్టుక మాత్రం వేరు. బానిసత్వం తప్పించుకున్న నల్లవాళ్ళు సముద్రం దాటివచ్చి దిగి, కాపురం పెట్టిన చోట్లు అవి.

కొన్నిచోట్ల దొరలు చల్లగాలి చూసుకున్నారు. కెన్యాలో రైలుదారి వేస్తూ 1899లో ఒక మకాం పెట్టారు. అదే నైరోబీ. 1905లో కచేరీలను మొంబాసా రేవునుంచి అక్కడికి మార్చారు. ఆ ఊరి ఎత్తు సుమారు 1,700 మీటర్లు. మా పక్కనున్న హార్సిలీ కొండకంటే ఎత్తన్నమాట! ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర ఎండలకు తాళలేక దానిమీద బంగళా కట్టించుకున్నాడు. 1911 దాకా మదనపల్లె కడప జిల్లాలోదే. కలెక్టరు కొండమీద ఉన్నప్పుడు అర్జీ పట్టుకుని వచ్చిన రైతు ఎంత ఎత్తు ఎక్కాలో ఆలోచించండి.

ఇప్పుడు పటంలో దక్షిణానికి రండి. బోట్స్‌వానా దేశం మీద గింజ పెట్టారా? గాబొరోన్. కాని 1960 ప్రాంతపు పటంలో అయితే మీకు ఆ దేశంలో గింజ పెట్టడానికి చోటే దొరకదు! అప్పుడు ఆ దేశం పేరు బెచువానాలాండు, బ్రిటిషువాళ్ళ పాలనలో ఉండేది. దాన్ని ఏలే కచేరీలు మఫెకింగ్ అనే ఊళ్ళో ఉండేవి. ఆ ఊరు దేశంలో లేదు, సరిహద్దు దాటి దక్షిణాఫ్రికాలో ఉంది! ఇల్లు ఒకచోట, దాని తాళంచెవి పక్కింట్లో ఉన్నట్టు. ప్రజలు తమ ప్రభుత్వంతో పని పడితే పరాయి దేశానికి పోవాలి. పైగా ఆనాటి దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళకు ఎలాంటి మర్యాద జరిగేదో చెప్పనక్కరలేదు. స్వాతంత్ర్యం వస్తుందని తెలియగానే, రైలుదారికీ నీటికీ దగ్గరగా ఉన్న గాబొరోన్‌లో హడావుడిగా కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టారు. 1965లో కచేరీలు అక్కడికి వచ్చాయి. 1966 సెప్టెంబరు 30న జెండా ఎగిరింది.

ఇది ఎక్కడో జరిగిన వింత అనుకోకండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత హైదరాబాదు ఆ రాష్ట్రంలో ఉంది. చట్టప్రకారం పదేళ్ళపాటు, 2024 జూన్ 2 దాకా, అది ఆంధ్రప్రదేశ్‌కు కూడా రాజధానే. కచేరీలు 2016లోనే వెలగపూడికి తరలివచ్చాయిగాని, కాగితం మీద మన ముఖ్యపట్టణం కూడా కొంతకాలం మన సరిహద్దు బయట ఉన్నదే.

అంచున ఉంటే చిక్కు గదా, నడుమ పెడితే సరిపోదా అంటారేమో. నైజీరియావాళ్ళు అలాగే అనుకున్నారు. లాగోస్ సముద్రపు ఒడ్డున ఇరుకైన ఊరు, అదీ యోరుబా జనం ఉండే వైపు. ఉత్తరాన హౌసాలు, తూర్పున ఈబోలు తమకు దూరమన్నారు. 1976లో దేశం నడిబొడ్డున అబూజా చోటును నిర్ణయించి, 1991 డిసెంబరు 12న రాజధానిని మార్చారు. పటంలో చూస్తే ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. కాని పటంలో కనిపించని సంగతి ఒకటుంది. ఆ నడిబొడ్డు ఖాళీ నేల కాదు. గ్బాగ్యీ అనే జనం తరతరాలుగా అక్కడ సేద్యం చేసుకుంటూ ఉన్నారు. అందరికీ దగ్గర కావడానికి వాళ్ళను వాళ్ళ పొలాలకు దూరం చేశారు. నాకు మాత్రం అబూజా గింజ పెట్టినప్పుడల్లా ఆ జనమే గుర్తుకు వస్తారు. మన అమరావతి కోసం రైతులు ఇచ్చిన భూమి 33,000 ఎకరాలకు పైనే. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. తరువాత పనులు ఆగడం, మళ్ళీ సాగడం మీ ఇంట్లో పెద్దలు చూసినదే. ఇలా ఆలస్యమవడం మనకొక్కరికే కాదు. టాంజానియా 1973లో దార్ ఎస్ సలామ్ రేవు వదిలి నడుమనున్న దొదొమాకు పోవాలని తీర్మానించింది. కచేరీలన్నీ గట్టిగా కదలడం మొదలుపెట్టింది 2016లో! ఐవరీ కోస్టు అధ్యక్షుడు 1983లో తన సొంత ఊరు యమూసుక్రోనే ముఖ్యపట్టణం చేశాడు. ఆ ఎంపికను నేను మెచ్చుకోలేను.

మరి ఒకటికంటే ఎక్కువ గింజలు పెట్టవలసిన దేశం? దక్షిణాఫ్రికా. 1910లో నాలుగు సీమలు కలిసి ఒక దేశమైనప్పుడు, రాజధాని మాకంటే మాకని పట్టుబట్టారు. చివరికి కచేరీలు ప్రిటోరియాకు, పార్లమెంటు కేప్‌టౌనుకు, పెద్ద కోర్టు బ్లూమ్‌ఫాంటీనుకు పంచుకున్నారు. ప్రిటోరియానుంచి కేప్‌టౌనుకు రోడ్డుమీద 1,400 కిలోమీటర్లకు పైన! నాలుగో సీమ నెటాలుకు ఏదీ దక్కలేదు. 1860 నుంచి మన తెలుగువాళ్ళు మద్రాసులో ఓడ ఎక్కి చెరకుతోటల పనికి పోయింది ఆ నెటాలుకే.

పంచుకోవడం మనకూ కొత్త కాదు. 1937లో మద్రాసులో శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని, రాజధాని ఒకరికైతే హైకోర్టు ఇంకొకరికని ఒడంబడిక రాసుకున్నారు. అందుకే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం పుట్టినప్పుడు కర్నూలు రాజధాని అయింది, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరులో పెట్టారు. కర్నూలులో ఎన్నో కచేరీలు డేరాల్లోనే నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు మన శాసనసభలో దక్షిణాఫ్రికా పేరు వినిపించింది. 2020లో చేసిన ఆ చట్టాన్ని 2021లో ఉపసంహరించుకున్నారు.

దేశానికీ రాష్ట్రానికే కాదు, జిల్లాకూ ఇదే గొడవ. 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా ఏర్పడి రాయచోటి దాని ముఖ్యపట్టణమైనప్పుడు మదనపల్లెలో ఎంత అలజడి జరిగిందో పెద్దవాళ్ళనడగండి. పింఛను ఆగిపోయిన అవ్వ సోమవారం అర్జీ ఇవ్వడానికి ఎన్ని బస్సులు మారాలి, కూలి ఎంత పోతుంది అన్నదే వాళ్ళ లెక్క.

గింజలు డబ్బాలో పోసేముందు ఒక ప్రశ్న. లెసోతో దేశాన్ని నాలుగు వైపులా ఒకే దేశం చుట్టి ఉంది. దాని ముఖ్యపట్టణం మసేరూ సరిగ్గా సరిహద్దు మీద ఉంది. సముద్రమే లేని దేశంలో ముఖ్యపట్టణం అంచుకు ఎందుకు పోయింది? పటంలో రైలుదారి గీత వెతకండి. జవాబులు కార్డు మీద రాసి పంపితే వచ్చే నెల ఆసియా ఖండం చూసేటప్పుడు చెప్పుకుందాం.