దీపం చిన్నదైతేనేం?

గత ఏప్రిల్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక మంచి పని తలపెట్టారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పెద్దల జ్ఞాపకాలను వీడియో తీయాలన్నది వారి ఆలోచన. 1955లో సోవియట్ సహకార ఒప్పందం కుదిరి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన భిలాయికి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఎండల్లో పగలు ఎవరూ బయటకు రారు. రాత్రి భోజనాలయ్యాక ఇంటి ముందు కుర్చీలు వేసుకున్నప్పుడే అసలు కబుర్లు మొదలవుతాయి. అందుకే మాకు బ్యాటరీతో వెలిగే దీపం కావలసి వచ్చింది.

ఎంపిక నాదే, పొరపాటూ నాదే. అంకె పెద్దదైతే మంచిదనుకుని 60 వాట్ల దీపం తెప్పించాను. దాన్ని వెలిగించగానే ఒక తాతగారు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మేస్టారూ, ఆ లైటు కాస్త అవతలకి తిప్పండి. పిల్లల మొకాలు అగుపడ్డం నేదు. ఎవులికి సెప్పమంటారు?" అన్నారు. ఆ మాటతో నా లెక్క తారుమారైంది. మనకు ఆయన ముఖం కనిపిస్తే చాలదు, ఆయనకూ మనం కనిపించాలి.

అందుకే నా అభిప్రాయం ఇది: రాత్రిపూట మనిషిని చిత్రీకరించడానికి చిన్న దీపమే మేలు. దూరం సగానికి తగ్గితే వెలుతురు నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. కనుక 12 వాట్ల పలక దీపాన్ని నాలుగడుగుల దూరంలో, కాస్త పక్కగా, పలుచని తెల్లగుడ్డ అడ్డంపెట్టి ఉంచితే ముఖానికి సరిపోతుంది. 7.2 వోల్టుల, 6600 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీలో దాదాపు 47 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. దానితో 12 వాట్ల దీపం లెక్క ప్రకారం నాలుగు గంటలు వెలగాలి. మూడు గంటలే అనుకుని పని పెట్టుకోవడం మంచిది. 60 వాట్ల దీపానికి అదే శక్తి గంటసేపు కూడా చాలదు. పెద్దవాళ్లు అసలు సంగతికి వచ్చేసరికే గంట దాటుతుంది!

"పెద్ద దీపం కొని, వెలుగు తగ్గించుకోవచ్చుగా?" అని తోటి ఉపాధ్యాయులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బరువూ స్టాండూ పిల్లలు మోయాలి. పైగా కొన్ని చౌక దీపాలు వెలుగు తగ్గించినప్పుడు కంటికి తెలియకుండా మిణుకుమిణుకుమంటాయి; వీడియోలో అవి చారలుగా కనిపిస్తాయి. కొనేముందే వెలుగు తగ్గించి, ఫోనుతో తీసి చూడాలి.

వాట్ల కంటే ముందు చూడవలసింది సీఆర్ఐ అనే అంకె. రంగులను దీపం ఎంత నిజంగా చూపిస్తుందో అది చెబుతుంది. గరిష్ఠం 100, 95 దాటితే మంచిది. అది తక్కువైతే చామనఛాయ ముఖం బూడిదరంగుకు తిరుగుతుంది, ఎర్ర చీర వెలిసిపోతుంది. గుమ్మంలో పసుపు బల్బు ఉంటే దీపాన్ని కూడా 3200 కెల్విన్ దగ్గరకు తేగలిగే వీలుండాలి.

రెండోసారి చిన్న దీపంతో వెళ్లాం. ఉసిళ్లు ముసరలేదు, వీధిలో జనం గుమికూడలేదు. తాతగారి వెనుక, ప్లాంటు వైపు ఎర్రబారిన ఆకాశం కూడా చిత్రంలోకి వచ్చింది. మొదటిసారి మా వెలుగే దాన్ని మింగేసింది. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన వెన్నెలను ఇప్పటికీ మెచ్చుకుంటాం. ఆయన చీకటిని పూర్తిగా తరిమేయలేదు కనుకే అది మనకు రాత్రిలా కనిపిస్తుంది.

ఆ రాత్రి తాతగారు రెండు గంటలు మాట్లాడారు, మధ్యమధ్య పిల్లల వంక చూసి నవ్వుతూ. తెలుగు చదవడం రాని మనవడు కూడా పక్కన కూర్చుని విన్నాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మన ఇళ్లలోని ఆ పెద్దల మాటలు భద్రపరచడానికి ఖరీదైన సామగ్రి కోసం ఎదురుచూడకండి. చిన్న దీపం పట్టుకుని ఈ సెలవుల్లోనే వెళ్లండి.