ఫోటో దుకాణంలో ఉస్తాదు

పిల్లలకు ఇంట్లో అమ్మానాన్నలు, బడిలో సార్లు, టీచర్లు ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. వీళ్లెవరూ కాని పెద్దమనిషి ఒకరు కావాలి. మార్కులు వెయ్యని మనిషి, ఫీజు తీసుకోని మనిషి, తన పని తాను చేసుకుంటూ పిల్లవాణ్ని పక్కన నిలబడనిచ్చే మనిషి. మెకానిక్ దుకాణాల్లో ఆ మనిషిని ఉస్తాద్ అంటారు. మా చిన్నప్పుడు ఊరి నిండా ఉస్తాదులే. ఇప్పుడు మన పిల్లలకు ఒక్కరైనా ఉన్నారా అని లెక్క పెట్టుకుంటే నాకు దిగులేస్తుంది.

ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో కూర్చుని వరసగా మూడు సినిమాలు చూశాను. మూడూ పాతవే, మీరూ చూసే ఉంటారు. "ఉమామహేశ్వర ఉగ్రరూపస్య" 2020 జూలైలో, కరోనాకు థియేటర్లు మూతపడ్డప్పుడు, నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. "మెయిల్" 2021 సంక్రాంతికి ఆహాలో వచ్చింది. అదే ఏడాది మే నెలలో "సినిమా బండి". మొదటిదాంట్లో అరకులో ఫోటో స్టూడియో. రెండోదాంట్లో మహబూబాబాద్ వైపు కంబాలపల్లి, అప్పుడప్పుడే ఊళ్లోకి వచ్చిన కంప్యూటర్. మూడోదాంట్లో ఆటో నడిపే వీరబాబుకు తన బండిలో ఎవరో మరచిపోయిన కెమెరా దొరుకుతుంది, పెళ్లిళ్ల ఫోటోలు తీసే దోస్తు గణతో కలిసి సినిమా తీద్దామంటాడు. నవ్వుకుంటూ చూశాం. కానీ మూడింటిలోనూ నాకు కనబడింది ఒక్కటే. ఎవరో ఒకరి పక్కన నిలబడి పని నేర్చుకోవడం.

ఉమామహేశ్వరరావుగా సత్యదేవ్ చేశాడు, తండ్రి పేరు మనోహరరావు. కొడుకు స్టూడియో నడుపుతుంటాడు. గడ్డం పైకి, కొంచెం కిందికి, రెడీ అంటూ మీట నొక్కుతుంటాడు. ఒకరోజు ఒక అమ్మాయి వచ్చి తను అందంగా కనబడేలా తియ్యమంటుంది. ఫోటో బాగా రాదు. అప్పుడు తెలుస్తుంది అతనికి, ఇన్నేళ్లూ మీట నొక్కడమే తప్ప ఫోటో తీయడం రాదని. తండ్రి మంచి ఫోటోగ్రాఫరే, కానీ కూర్చోబెట్టి పాఠం చెప్పడు. ఈ విద్య ఒకరు నేర్పితే వచ్చేది కాదు, తనంతట తాను నేర్చుకోవాలన్నది అతని ధోరణి. కొడుకు తండ్రిని చూస్తాడు, తండ్రి తీసిన ఫోటోలు చూస్తాడు, ఆగడం నేర్చుకుంటాడు. చెప్పుల పగ కథ ఎలా ఉన్నా, నాకు సినిమా అంటే ఈ భాగమే.

ఒకటి మాత్రం నచ్చలేదు, చెప్పేస్తాను. తర్వాత అతను ఆ అమ్మాయికి తెలియకుండానే ఫోటో తీస్తాడు. ఫోటో అందంగా వచ్చింది, నిజమే. అయినా ఆడపిల్లను అడగకుండా తీయడం అందమైన పని ఎట్లవుతుంది? మా చిన్నోడు "కథ కదమ్మా" అన్నాడు. కథే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఆ సినిమాలో ఉస్తాదు సొంత తండ్రే. అదృష్టవంతుడు. మా కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఎందరు పిల్లలకు తండ్రి ఇంట్లో ఉన్నాడు? దుబాయి, మస్కట్, సౌదీ. నేను మూడో తరగతిలో ఉండగా మా బాపు దుబాయి పోయాడు. రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు. ఆ నెలంతా ఇంటికి చుట్టాలు. పిల్లల పక్కన తీరిగ్గా కూర్చుని ఏదైనా నేర్పేంత తెరిపి ఆయనకు ఎక్కడిది?

ఆ రోజుల్లో కోరుట్లలో ఫోటో స్టూడియోలు బతికిందే దుబాయి మీద అంటాను. పోయేవాళ్లకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు కావాలి. పోయినవాళ్లకు ఇంటి ఫోటోలు కావాలి. దసరాకు కొత్త బట్టలు వేసుకుని మేమంతా స్టూడియోకు పోయేవాళ్లం. వెనక తాజ్‌మహల్ పరదా, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. ఆ ఫోటోను ఉత్తరంలో మడతపడకుండా అట్టముక్క పెట్టి, సెలవు మీద వచ్చి తిరిగిపోయే వాళ్ల చేత పంపేవాళ్లం.

స్టూడియో ఆయనను ఊరి పిల్లలం ఫోటో కాక అనేవాళ్లం. మా తమ్ముడు, వాడి దోస్తు ఇంకో పోరడు, ఆరో తరగతి సెలవుల్లో కాక దుకాణం ముందు తచ్చాడి తచ్చాడి లోపలికి చేరారు. ఆ ఎండాకాలమంతా వాళ్ల చేతికి కెమెరా ఇవ్వలేదాయన. అద్దం తుడవడం, దువ్వెన, పౌడరు డబ్బా సర్దడం, పరదా మార్చడం. సాయంత్రం దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి, దారినపోయేవాళ్ల ముఖంలో ఏ చెంప మీద వెలుగు పడుతుందో చెప్పమనేవాడట. పొద్దున పది గంటలకు ఒక తీరు, సాయంత్రం నాలుగింటికి ఒక తీరు. తమ్ముడు ఇంటికొచ్చి అన్నం తింటూ మా అమ్మ ముఖాన్ని తేరిపార చూస్తుంటే "ఏమైందిరా, గట్ల చూస్తున్నవ్" అని ఆమె కసిరేది.

తర్వాత చీకటి గది. ఎర్ర బల్బు వెలుతురులో మందునీళ్లలో కాగితం వేస్తే ముందు జుట్టు, తర్వాత కళ్లు, తర్వాత ముఖమంతా తేలి వస్తుందని వాడు చెప్తుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. క్షణాలు పైకి లెక్కపెట్టాలి. తొందరపడితే ముఖం పాలిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. తర్వాత హైపోలో వేసి, నీళ్లలో కడిగి ఆరబెట్టాలి. మనం ఫోటోలు "కడిగించడం" అన్నమాట అక్కడిదే కదా. రీలుకు 36 ఫోటోలు. ఒకటి పాడైతే దాని ఖరీదు పాడైనట్టే. అందుకే మీట నొక్కేముందు కన్ను పనిచేయాలి.

వెలుగు, మందునీళ్లు కాకుండా ఇంకొకటి కూడా నేర్చుకున్నాడు మా తమ్ముడు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చేవాళ్లలో చాలామంది మొదటిసారి ఊరు దాటేవాళ్లు. కొందరికి సరైన అంగీ ఉండేది కాదు. కాక దుకాణంలో ఒక తెల్ల అంగీ, ఒక కోటు కొక్కేనికి తగిలించి ఉండేవి. ఆ కోటు వేసుకుని బిగుసుకుపోయి కూర్చున్న మనిషిని చూసి పోరగాండ్లు ఒకసారి కిసుక్కుమన్నారట. కాక ఆ మనిషి ముందర ఏమీ అనలేదు. ఆయన పోయినంక ఇద్దరినీ పిలిచి, "ఈ ఫోటో ఆయన ఇంటోళ్లు గోడకు పెట్టుకుంటరు. నవ్వితే బయటికి నడవండి" అన్నాడట. ఆ మాటకు అసలు అర్థం వాళ్లకు రెండేళ్లకు తెలిసింది. ఒకామె చిన్న పాస్‌పోర్టు ఫోటో కొంగున కట్టుకుని తెచ్చి పెద్దది చెయ్యమంది. దండ వేయడానికి. మనిషి అక్కడే పోయాడు, ఆమె దగ్గర అదొక్కటే ఫోటో. కోటు కాకదే. ఆ రోజు తమ్ముడు ఇంటికొచ్చి అన్నం తినలేదు. తర్వాత బాపు సెలవు మీద వచ్చినప్పుడు పరదా ముందర కాకుండా, మా వాకిట్లో, వేపచెట్టు కింద, బనీను మీద ఉండగా అడిగి నాలుగు ఫోటోలు తీశాడు. బాపును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ ముఖమే కళ్లముందుకొస్తుంది.

ఏ సమ్మర్ క్యాంపులో నేర్పుతారు ఈ సంగతి?

తమ్ముడు ఫోటోగ్రాఫరేమీ కాలేదు. ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. దోస్తు మస్కట్‌లో ఉన్నాడు. ఈ వయసులోనూ ఇద్దరూ వారానికోసారి ఫోన్లో ఒకరికొకరు ఫోటోలు పంపుకుని "వెలుగు ఏ దిక్కున్నదిరా" అని తిట్టుకుంటారు. నేర్చుకున్నది బతుకుదెరువు కావాలని లేదు. "మెయిల్"లో రవి కంప్యూటర్ నేర్చుకుందామని హైబత్ వెంట పడతాడు. ఆ హైబత్ కూడా కంప్యూటర్ పండితుడేం కాదు, ప్రియదర్శి ఆ పాత్రలో కడుపుబ్బ నవ్విస్తాడు. అయినా ఆ పిల్లవాడికి లోకం తెరుచుకున్నది ఆ దుకాణంలోనే. ఉస్తాదుకు అన్నీ తెలియాలనేం లేదు, పిల్లవాడికి చోటు ఇస్తే చాలు.

ఈ మాట అంటే మా కాలనీలో నన్ను కొట్టొచ్చినంత పని చేస్తారు. "ఈ కాలంల ఎవల్ని నమ్ముతం అక్కా?" భయం ఉత్తదని నేననను. మా అమ్మకు లేని భయాలు నాకూ ఉన్నాయి. కానీ భయపడి తలుపు వేసుకుంటే ఏమైంది? బయటి మనిషి ఒక్కరూ తెలియకుండా, ఫోన్లో వెయ్యిమంది బయటివాళ్లతో పెరుగుతున్నారు. నేను చూసుకునేవి మూడే. దుకాణం నలుగురు తిరిగే రోడ్డు మీద ఉండాలి. పగటిపూటే వెళ్లాలి. ఒంటరిగా కాదు, దోస్తుతో కలిసి వెళ్లాలి. ఈ మూడోదే అన్నిటికన్నా గట్టి కాపలా. ఒకరికొకరు సాక్షి, ఒకరి మీద ఒకరికి పోటీ. ఇంటికొచ్చాక ఒకడు దాచింది ఇంకొకడు చెప్పేస్తాడు. అన్నట్టు, పనికి పెట్టమని కాదు నేననేది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనికి పెట్టకూడదని చట్టమే ఉంది. పక్కన నిలబడనివ్వమంటున్నాను, అంతే.

ఇక ఆడపిల్లల సంగతి. అడగకుండా ఫోటో తీయడం గురించి పైన అన్నాను కదా, అది నాలో నానుతుండగానే సిరిసిల్ల నుంచి మా వదినె ఫోన్ చేసింది. ఆమె చిన్నబిడ్డ తొమ్మిది పూర్తయి పదికి వచ్చింది. మొన్న వీళ్లింట్లో జరిగిన పెళ్లిలో ఫోన్‌తో ఫోటోలు తీసింది. పెద్ద కెమెరా వాళ్లు తీసిన కరిజ్మా ఆల్బం కన్నా అవే బాగున్నాయని చుట్టాలంతా అడిగి పంపించుకున్నారు. ఇప్పుడు కెమెరా నేర్చుకుంటానంటోంది. "ఆడివిల్ల రేపు పెండ్లిళ్ల ఎంబడి రాత్రుళ్లు తిరుగుతదా?" అని వదినె బాధ. "బలగం" తీసిన వేణు మా సిరిసిల్ల మనిషే కదా అంటే, "ఆయన మొగోడు" అంది.

నేనడిగేది ఇదీ. మన పెళ్లిళ్లలో మైలపోలు తీసినప్పుడు, పసుపు పూసి నీళ్లు పోసేటప్పుడు, చీర తడిసి ఒంటికి అంటుకుని పెళ్లిపిల్ల ముడుచుకుపోతుంటే, ఎదురుగా కెమెరాతో నిలబడేది ఎవరు? ముక్కూ మొహం తెలియని మగపిల్లలు. "అక్కా, ఇటు చూడు, నవ్వు" అంటుంటారు. వాళ్ల తప్పు కాదు, ఆ పని చేసే ఆడపిల్ల లేదు. హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ 1892లోనే ఆడవాళ్లకోసం జనానా స్టూడియో పెట్టాడు. ఘోషా స్త్రీల ఫోటోలు తీయడానికి ఒక ఇంగ్లీషు ఆవిడను పెట్టుకున్నాడు. వ్యాపారం తెలిసినవాడు, అవసరం ఎక్కడుందో చూశాడు. మనదేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హోమాయి వ్యారవాలా కెమెరా పట్టడం నేర్చుకున్నది స్నేహితుడి దగ్గరే. తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకుంది. మొదట్లో ఆమె ఫోటోలు ఆయన పేరుతో అచ్చయ్యేవి. 2011లో పద్మవిభూషణ్ మాత్రం ఆమె పేరుతోనే వచ్చింది. ఇప్పుడైతే హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ డిగ్రీ కూడా ఉంది. అది రేపటి మాట.

సిరిసిల్లలోనే భార్యాభర్తలు కలిసి నడిపే స్టూడియో ఒకటుందని కనుక్కున్నాను. ఆవిడతో మాట్లాడాను. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా, సెలవులు అయిపోయేవరకు రానివ్వమంది. వెంట క్లాసు పిల్ల ఒకతె వస్తానంది. మా అన్నయ్యది మరమగ్గాల పని, షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయనకు మాట్లాడే ఓపిక ఉండదు. అంతా విని ఒక్కటే అడిగాడు, "కెమెరా ఎంత?" అని. కొనేది లేదన్నయ్యా, ఈ సెలవులకు చూడనివ్వండి చాలన్నాను. ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు.

నిన్న రాత్రి వదినె మళ్లీ ఫోన్ చేసింది. సోమవారం పోరికి అన్నం డబ్బా కట్టాలా, ఒంటిగంటకు ఇంటికే వస్తదా అని అడిగింది. అన్నయ్య ఏమన్నాడని నేనడగలేదు.