పాత డీజిల్ లారీకి శక్తి: ఇంధనం కన్నా ముందు గాలి

కొల్లాపూర్ తోటల మామిడి, నల్లగొండ తోటల బత్తాయి హైదరాబాద్ తూర్పు అంచుకు చేరడం ఏటా జరిగేదే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌ల నడుమ కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ చాలా కాలం ఈ సరుకుకు గమ్యస్థానంగా ఉండేది. 2021లో ఆ మార్కెట్‌ను విజయవాడ రహదారిపై హయత్‌నగర్ ఆవల ఉన్న బాటసింగారానికి తరలించే ప్రక్రియ ఆరంభమైంది. దీనితో రవాణా భారం తగ్గలేదు, రెండుగా విడిపోయింది. తోట నుంచి మార్కెట్‌కు రహదారి ప్రయాణం ఒకటి. మార్కెట్ నుంచి ఎల్బీ నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు, తోపుడు బండ్లకు సాగే నగర ప్రయాణం మరొకటి. ఈ రెండింటిలోనూ సెకండ్ హ్యాండ్ డీజిల్ వాహనాలు విరివిగా కనిపిస్తాయి. తెలంగాణలో మధ్యతరహా లారీని, అది ఏ కంపెనీదైనా, 'డీసీఎం' అనే పిలుస్తారు. 1980లలో వచ్చిన డీసీఎం టయోటా వాహనాల పేరు ఆ తరహా వాహనాలన్నింటికీ స్థిరపడిపోయింది.

ఇటువంటి పాత వాహనాల యజమానుల నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు 'పికప్ లేదు' అన్నది. ఎల్బీ నగర్ కూడలి వద్ద ఫ్లైఓవర్ ఎక్కే ముందు ఆగిన లారీ తిరిగి కదిలేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా కొన్ని క్షణాలు ఇంజను స్పందించదు. నల్లని పొగ వెలువడుతుంది. ఆ తరువాత ఒక్కసారిగా బండి ముందుకు లాగుతుంది. దీనినే టర్బో ల్యాగ్ అంటారు. దీనికి సాధారణంగా ఎంచుకునే పరిష్కారం ఇంధనం పెంచడం. పాత ఇంజన్లలో పంపు స్క్రూ తిప్పడం, కొత్త ఇంజన్లలో కంప్యూటర్ ప్రోగ్రాము మార్పించడం ఆనవాయితీగా మారింది. ఈ క్రమం తలకిందులైనది. పాత లారీ కోల్పోయిన శక్తిని ముందుగా దాని గాలి మార్గంలో వెతకాలి. ఆ వెతుకులాటను రైతులకు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు నేర్పే బాధ్యతను వ్యవసాయ విస్తరణ వ్యవస్థ స్వీకరించాలి.

జాప్యంలో రెండు రకాలు

ఇంజను నుంచి వెలువడే వేడి వాయువులు టర్బైన్‌ను తిప్పుతాయి. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసర్ బయటి గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి నెడుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లో పేటెంట్ పొందిన ఈ సూత్రమే నేటికీ ఆధారం. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పొగగొట్టం వైపు వెళ్లే వాయువులో తగినంత శక్తి ఉండదు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగల టర్బో తన వేగాన్ని అందుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఈ మేరకు జాప్యం యంత్ర స్వభావంలోనే ఉంది.

రెండవ రకం జాప్యం వాడకంలో చేరినది. దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు హోసులో పగులు, వదులైన క్లాంపు, టర్బోకు ముందున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వద్ద కాలిపోయిన గాస్కెట్, మసి పట్టి బిగుసుకుపోయిన వేస్ట్‌గేట్ లేదా టర్బో రెక్కలు, తెరుచుకుని మూసుకోని ఈజీఆర్ వాల్వు దీనికి కారణాలు. ఇవన్నీ టర్బోకు అందవలసిన శక్తినో, టర్బో ఇచ్చిన గాలినో దారిలోనే కాజేస్తాయి. మొదటి రకం జాప్యాన్ని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. రెండవ రకాన్ని తక్కువ ఖర్చుతోనే చాలా వరకు తొలగించవచ్చు. అమ్మకానికి వచ్చిన పాత లారీలో ఈ రెండూ కలిసి ఉంటాయి కనుక, కొనుగోలుదారు రెండవదానిని కూడా 'ఇంజను స్వభావం'గా భావించి సరిపెట్టుకుంటాడు, లేదా స్క్రూ తిప్పించుకుంటాడు.

గాలి లేని ఇంధనం

ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి అవసరం. అంటే ఒక లీటరు డీజిల్‌కు సుమారు 12 కిలోల గాలి, ఘనపరిమాణంలో 10 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. పొగ లేకుండా మండాలంటే డీజిల్ ఇంజనుకు ఇంతకంటే ఎక్కువ గాలి అందాలి. ఆ గాలి యావత్తూ ఒక్క ఫిల్టరు గుండానే వెళ్లాలి. తోటల మట్టి బాటలపై తిరిగే లారీకి ఫిల్టరు ఎంత త్వరగా నిండుతుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

వాతావరణం కూడా మామిడి లారీకి అనుకూలంగా ఉండదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలితో పోలిస్తే 42 డిగ్రీల వద్ద గాలి సాంద్రత దాదాపు 7 శాతం తక్కువ. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వలన మరో 5, 6 శాతం తగ్గుతుంది. ఏప్రిల్, మే మాసాల మధ్యాహ్నం ఇంజనుకు అందే గాలి ఆ మేరకు పలచబడి ఉంటుంది. ఈ లోటును పూడ్చడానికే టర్బో, ఇంటర్‌కూలర్ ఉన్నాయి. హోసు పగిలి, ఇంటర్‌కూలర్ రెక్కల నడుమ మట్టి పేరుకున్న లారీలో ఆ లోటు పూడదు.

ఇటువంటి స్థితిలో ఇంధనం పెంచితే కొంత లాగుడు పెరుగుతుంది. ఇది కాదనలేని విషయం, స్క్రూ పద్ధతికి ఉన్న ఆదరణకు కారణమూ ఇదే. కాని మండని ఇంధనం నల్లని పొగగా బయటకు పోతుంది, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరుగుతుంది, పిస్టన్లు, వాల్వులు, టర్బైన్ రెక్కలు ఆ వేడిని భరించవలసి వస్తుంది. ఆ మసి మళ్లీ టర్బో రెక్కలకు, ఈజీఆర్ వాల్వుకు పట్టి జాప్యాన్ని ఇంకా పెంచుతుంది. చివరకు ఇంజను బోరుకు వస్తుంది. ఒక సీజనులో సంపాదించిన కిరాయి ఒక్క మరమ్మతుకు చాలదు.

పాత మెకానికల్ పంపు గల కొన్ని ఇంజన్లలో గమనించదగిన మరో అంశం ఉంది. టర్బో ఒత్తిడి పెరిగిన తరువాతే ఇంధనం పెంచేలా పంపుపై ఒక డయాఫ్రం అమర్చి ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి దానికి ఒక సన్నని గొట్టం వెళుతుంది. ఆ గొట్టం పగిలినా, డయాఫ్రం చిరిగినా ఒత్తిడి సమాచారం పంపుకు చేరదు, ఇంధనం పెరగదు, బండి లాగదు. చవకైన చిన్న గొట్టం మార్చవలసిన చోట పంపు సెట్టింగునే మార్చివేయడం రోగమొకటైతే మందొకటి వేయడమే.

వరుస తప్పని పరీక్ష

కనుక పరీక్షకు ఒక వరుస ఉండాలి. మొదట ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్చాలి. తరువాత ఇంజను ఆపి, గాలి మార్గంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, హోసుల అతుకులపై సబ్బు నీరు పూసి బుడగలను గమనించాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ మసి చారలు ఉంటే అక్కడ వాయువు కారుతున్నట్లే. టర్బో ఇరుసు ఊగుతున్నదా, రెక్కలు కవచానికి రాసుకుంటున్నాయా, వేస్ట్‌గేట్ కదులుతున్నదా చూడాలి. ఆ పిదప నాజిళ్లు, వాల్వు క్లియరెన్సు, కంప్రెషన్ పరీక్షించాలి. పొగ రంగు కూడా కొంత చెబుతుంది. నలుపు గాలి కొరతకు లేదా అధిక ఇంధనానికి, నీలం ఇంజను ఆయిల్ మండుతున్నందుకు, వేడెక్కిన తరువాత కూడా ఆగని తెలుపు మండని డీజిల్‌కో, సిలిండరులోకి చేరిన కూలంటుకో సూచన.

ఇంజను బయటి కారణాలను కూడా విస్మరించరాదు. జారే క్లచ్ ప్లేటు, పట్టి ఉండే బ్రేకులు, గాలి తక్కువైన టైర్లు ఇంజను ఇచ్చిన శక్తిని మింగివేస్తాయి. అన్నింటికంటే ముఖ్యం బరువు. ఉదాహరణకు 100 హార్స్ పవర్ ఇంజను గల లారీ సరుకుతో కలిపి 10 టన్నులుంటే టన్నుకు 10 హార్స్ పవర్ లభిస్తుంది. అదే లారీ 13 టన్నులకు చేరితే లభించేది 7.7 మాత్రమే. అటువంటి లారీకి కావలసినది మరమ్మతు కాదు, బరువు తగ్గించడం.

డ్రైవరు అలవాట్లకూ ఇందులో పాత్ర ఉంది. ఎత్తు ఎక్కే ముందే గేరు తగ్గించి, గరిష్ఠ టార్క్ లభించే వేగంలో ఇంజనును నిలిపితే జాప్యం గణనీయంగా తగ్గుతుంది. ఆ వేగం ఎంతో వాహన పుస్తకంలో ఉంటుంది. భారంతో దూరం నడిచిన ఇంజనును ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపితే టర్బో బేరింగులో ఆయిల్ మాడిపోకుండా ఉంటుంది. వీటికి ఖర్చు లేదు.

ఇవన్నీ చేసిన పిమ్మటనే మార్పుల ప్రసక్తి రావాలి. చిన్న టర్బో అమర్చితే తక్కువ వేగంలో త్వరగా స్పందిస్తుంది కాని, ఎక్కువ వేగంలో ఇంజనుకు ఊపిరాడదు. కంప్యూటర్ ప్రోగ్రాము మార్పు, ఈజీఆర్ మూసివేయడం, బీఎస్-6 వాహనాల నుంచి పొగ వడపోత పరికరం తొలగించడం వేరే కోవకు చెందినవి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. ఇక ఆ పొగను పీల్చేది దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన పండ్లు అమ్ముకునేవారే.

పొలం గట్టు దాటవలసిన విస్తరణ

ఇది మోటారు మెకానిక్కుల వ్యవహారమని, వ్యవసాయ శాస్త్రవేత్తలకు సంబంధం లేదని కొందరు భావించవచ్చు. కాని ట్రాక్టరు సంరక్షణ వ్యవసాయ శిక్షణలో ఏనాడో భాగమైంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఇందుకు నిదర్శనం. ట్రాక్టరుకు వర్తించే వాదం, అదే రైతు పంటను మోసే లారీకి ఎందుకు వర్తించదు? 2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకాన్ని ప్రారంభించిన తరువాత, సొంత వాహనంపై సరుకు పంపాలన్న ఆలోచన సంఘాలలో సహజంగా కలుగుతుంది. కొత్త లారీ కొనలేని సంఘం పాతదే కొంటుంది. కోత దశలో కిరాయి లారీ సమయానికి దొరకదు కనుక ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేము. తప్పు ఏమిటంటే, విత్తనం కొనేటప్పుడు సలహా ఇచ్చే వ్యవస్థ లారీ కొనేటప్పుడు పక్కన లేకపోవడం. దారిలో ఆగిన లారీలో మగ్గిన కాయకు ధర పలకదు. ఆ నష్టం మెకానిక్కుది కాదు, రైతుది.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ప్రతి ఏటా ఫిబ్రవరిలో, మామిడి కోతకు ముందు, కృషి విజ్ఞాన కేంద్రాలలో లారీ యజమానులకు, డ్రైవర్లకు ఒక రోజు తనిఖీ శిక్షణ నిర్వహించవచ్చు. సెకండ్ హ్యాండ్ వాహనం కొనే సంఘాలకు ఒక పేజీ పరీక్షా పట్టిక తెలుగులో ఇవ్వవచ్చు. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు కొన్ని లారీలకు బూస్ట్ గేజీ అమర్చి, హోసుల మరమ్మతుకు ముందు, తరువాత ఒత్తిడి, డీజిల్ వాడకం, ఎత్తు ఎక్కే సమయం నమోదు చేస్తే అది ఉపయోగకరమైన ప్రాజెక్టు అవుతుంది.

ఈ పనిలో మెకానిక్కులను ప్రత్యర్థులుగా చూడరాదు. విజయవాడ రహదారికి ఒక కొసన హైదరాబాద్ ఆటోనగర్, మరో కొసన విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉన్నాయి. చెవితో విని లోపం చెప్పగల నేర్పు అక్కడి మేస్త్రీలకు ఉంది. వారి వద్ద సాధారణంగా లేనిది కొలత. వేగంగా బండి పంపమని ఒత్తిడి చేసే యజమాని ముందు స్క్రూ తిప్పడమే వారికి మిగిలే మార్గం. విద్యార్థి గేజీతో, మేస్త్రీ అనుభవంతో ఒకే బానెట్ కింద నిలబడితే ఇద్దరూ నేర్చుకుంటారు. రాబోయే మామిడి సీజనుకు ముందు ఒక్క కేంద్రమైనా ఈ ప్రయత్నం ప్రారంభిస్తే, స్క్రూ తిప్పకుండా ఎన్ని లారీలకు పికప్ తిరిగి వచ్చిందో లెక్కతో సహా తేలుతుంది.