తగిలించి తప్పుకొనువారు



గోపాల్‌పూర్ సముద్రపుటొడ్డున సెలవు దినములలో బండ్లు నిలుపు చోట కనబడుచున్న ఒక చెడ్డ అలవాటును గురించి నాలుగు మాటలు వ్రాయుటకు మీ పత్రికలో కొంచెము చోటు కోరుచున్నాను. ఎవరో తమ కారును వెనుకకు తీయుచు, నిలిపియున్న మరొక కారుకు తగిలించెదరు. తలుపు సొట్టపడును, లేదా దీపము పగులును, లేదా రంగు లేచిపోవును. తగిలించినవారు దిగి ఇటునటు చూచెదరు. చూచినవారెవరును లేరని తోచగానే కదలిపోవుదురు.

ఇంత చిన్న సంగతి పత్రికకెక్కవలెనా అని కొందరనవచ్చును. సముద్రపు గాలి తెలిసిన మనకు ఇది చిన్న సంగతి కాదు. రంగు లేచి ఇనుము బయటపడిన చోట ఇక్కడి ఉప్పుగాలికి త్వరలోనే తుప్పు పట్టును. అంతకంటె ముఖ్యమైన కారణము ఇంకొకటి కలదు. చేసినవాడు వెళ్ళిపోయినను నింద వెళ్ళిపోదు. అది అక్కడనే నిలిచి, అందుబాటులో నున్న పేదవానిపై పడును.

గత చలికాలములో ఒక ఆదివారము సాయంత్రము మా బంధువుల కారుకు ఇట్లే జరిగినది. వారు తిరిగి వచ్చునప్పటికి వెనుక తలుపు సొట్టపడియున్నది. పక్కనే మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ము కుర్రవాని తోపుడుబండి యున్నది. నలుగురు మూగిరి. తోపుడుబండి చక్రము తగిలియుండునని ఒకరనిరి. వానిచేత డబ్బు కట్టింపుడని వేరొకరనిరి. అత్తమీద కోపము దుత్తమీద చూపుట మనకు క్రొత్త కాదు గదా! తుదకు మా బంధువుల అమ్మాయి సొట్టను దగ్గరగా చూచి, అది నడుమెత్తున నున్నదనియు, చక్రము మోకాలి ఎత్తుకైనను రాదనియు చూపినది. సొట్టలో తెల్లరంగు అంటుకొని యున్నది. తోపుడుబండికి రంగే లేదు. ఆ అమ్మాయి అంతపాటి నిదానము చూపక పోయినచో ఆ కుర్రవాని ఆనాటి సంపాదన అక్కడనే పోయెడిది.

అంతటితో ఆగలేదు. “ఆంధ్రా బండే అయియుండును” అని గుంపులో ఒకరనగా, “కాదు, ఇక్కడి బండే” అని మరియొకరు మాట తగిలించిరి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి గంజాం అందులో చేరుటకు ఎంతో ముందునుండి ఇక్కడ కాపురమున్న మనవంటి కుటుంబములకు ఈ మాట ఏ వైపునుండి వచ్చినను బాధగనే యుండును. బండిమీది ఓడీ 07 అను గుర్తు గంజాం జిల్లాను చెప్పును. ఏపీ 39 అను గుర్తు 2019 నుండి ఆంధ్రప్రదేశమంతటికిని ఒక్కటే. ఆ గుర్తులు బండి ఎక్కడ రిజిస్టరైనదో చెప్పగలవు గాని, నడిపినవాని బుద్ధిని చెప్పలేవు.

ఇక చట్టమేమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను మనిషికి దెబ్బ తగిలినప్పుడే గాక, ఇతరుల ఆస్తికి నష్టము కలిగినప్పుడును వర్తించును. పోలీసు అక్కడ లేనియెడల, బండి నడిపినవాడు వీలైనంత త్వరగా, ఎట్లైనను 24 గంటలలోపల, దగ్గరి పోలీసు స్టేషనులో జరిగినది తెలుపవలెను. తన బీమా కంపెనీకి కూడ వ్రాతమూలముగా తెలుపవలెను. తెలుపనివానికి 187వ సెక్షను క్రింద, 2019 సవరణ తరువాత, ఆరు నెలలవరకు జైలుగాని, 5,000 రూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. చాలమంది “మనిషికేమియు కాలేదు గదా” అని తమకు తామే తీర్పు చెప్పుకొని వెళ్ళుచున్నారు. ఆ తీర్పు చట్టములో లేదు.

మన పిల్లలు అనేకులున్న అమెరికాలో, కాలిఫోర్నియా చట్టము ప్రకారము, యజమాని కనబడని బండికి తగిలించినవాడు తన పేరు, చిరునామా, జరిగినది వ్రాసిన కాగితమును ఆ బండిపై కనబడునట్లుంచి, పోలీసులకును తెలుపవలెను. జర్మనీలో కాగితముంచినను చాలదు. తగినంతసేపు అక్కడనే వేచియుండవలెను. ఆ దేశములలో ఈ నియమమును బుద్ధిగా పాటించు మనవారు, సెలవులకు ఇంటికి వచ్చి ఇక్కడ పాటింపకుండుట న్యాయము కాదు.

తప్పుకొనువాడు తన లాభమును కూడ ఎరుగడు. ప్రతి బండికిని విధిగా నుండవలసిన థర్డ్ పార్టీ బీమా ఇతరుల ఆస్తికి జరిగిన నష్టమునకు కూడ వర్తించును. కాని నష్టపడినవాడు దానిని రాబట్టుటకు తగిలించిన బండి నంబరు తెలియవలెను, ట్రిబ్యునలు మెట్లెక్కవలెను. ఒక సొట్టకు అది పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. తన సొంత బీమా నడుగుదమన్న, 1,500 సీసీ వరకు గల కారుకు మొదటి 1,000 రూపాయలు, అంతకు మించినదానికి 2,000 రూపాయలు తానే భరింపవలెను. పైగా ఏటేట పెరిగి 50 శాతము వరకు చేరు నో క్లెయిం బోనసు పోవును. కనుక చిన్న నష్టమునకు బీమా నడుగుటకంటె చేతి డబ్బు పెట్టుకొనుటయే మేలని చాలమంది ఊరకుందురు. ఒకరి నిర్లక్ష్యమునకు మరియొకరు జుల్మానా కట్టుట యనగా ఇదియే.

కావున కొన్ని సూచనలు మనవి చేయుచున్నాను. తగిలించినవారు ఒక చీటీపై పేరు, ఫోను నంబరు, బండి నంబరు వ్రాసి అద్దపు తుడుపుకర్ర క్రింద ఉంచి, స్టేషనులో కూడ తెలుపవలెను. చూచినవారు “మనకెందుకు” అనక నంబరు వ్రాసియిచ్చిన చాలును. నష్టపడినవారు కారును కదల్పక ముందే సొట్టను, అంటుకొన్న రంగును, చుట్టుపక్కలను ఫోటోలు తీయవలెను. దగ్గరి దుకాణముల కెమెరాలలోని దృశ్యములు కొన్నాళ్ళకు చెరిగిపోవును గనుక ఆనాడే అడుగవలెను. సొమ్ము చిన్నదైనను స్టేషనులో ఒక కాగితమిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. అదే బండి రేపు మరొకరికి తగిలించినప్పుడు ఆ కాగితము పనికివచ్చును.

రుసుము వసూలు చేసి బండ్లు నిలుపనిచ్చు చోట్ల, బండి నంబరు, వచ్చిన వేళ, పోయిన వేళ వ్రాయు పద్ధతి పెట్టుట కష్టము కాదు. నష్టమునకు తమకు బాధ్యత లేదని చీటీపై అచ్చువేసిన మాత్రమున అంతయు తీరిపోదు. తాళము చేతికిచ్చిన కారు పోయిన ఒక హోటలు వ్యవహారములో 2019లో సుప్రీంకోర్టు, అట్టి అచ్చుమాట అజాగ్రత్తను కప్పిపుచ్చజాలదని తేల్చినది. తాళము మనయొద్దనే యుండు చోట ఆ తీర్పు అట్లే వర్తింపదు గాని, డబ్బు పుచ్చుకొనువారు కాస్త కనిపెట్టి యుండవలెనను నీతి మాత్రము ఎచ్చటనైనను ఒక్కటే.

దొరికితేనే దొంగ అను సామెతను మన పిల్లలు కారు అద్దములో నుండి నేర్చుకొనుచున్నారు. తండ్రి తగిలించి, వెనుకకు చూచి, వేగము పెంచినప్పుడు వెనుక సీటులోని బిడ్డ అంతయు చూచుచునే యుండును. సొట్టను షెడ్డులో సరిచేయింపవచ్చును. ఆ బిడ్డ నేర్చినదానిని సరిచేయు షెడ్డు ఎచ్చటను లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గోపాల్‌పూర్ (గంజాం జిల్లా)