సరితూగితే చాలునా?

నేను తెలుగు పండితుణ్ణి. అయినా ఈ టపా రసాయన సమీకరణాల గురించి. పద్యాలు చెప్పుకునే పెద్దాయనకు అయాన్లతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. ఒక పాత అప్పు ఉన్నది.

1994లో మా ఉన్నత పాఠశాలలో సైన్సు మాస్టారు సెలవులో ఉండగా, పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దే పని నా మీద పడింది. ఉప్పు, సురేకారం, ఈ రెండింటి పలుచని ద్రావణాలను కలిపితే జరిగే చర్యకు సమీకరణం వ్రాయమని ఒక ప్రశ్న. సోడియం నైట్రేటు, పొటాషియం క్లోరైడు ఏర్పడతాయని నా చేతికిచ్చిన జవాబు. ఒక కుర్రవాడు మాత్రం "ఏ చర్యా జరగదు" అని వ్రాశాడు. సున్న వేశాను. "కలిపి చూశాను మాస్టారూ, ఏమీ రాలేదు" అన్నాడు. "అడిగినదానికి జవాబు వ్రాయి" అని కసిరాను.

వాడిదే ఒప్పని చాలా కాలానికి తెలిసింది. నీటిలో ఆ లవణాలు ముందే విడిపోయి నాలుగు రకాల అయాన్లుగా ఉంటాయి. కలిపిన తరువాతా ఆ నాలుగే. రెండు వైపులా ఉన్నవాటిని కొట్టివేస్తే సమీకరణంలో ఏమీ మిగలదు. నేను మార్కులు వేసిన సమీకరణం కాగితం మీద చక్కగా తూగింది. పరీక్షనాళికలో మాత్రం జరగలేదు.

అదే ఉప్పునీటిలో సిల్వర్ నైట్రేటు ద్రావణం పోస్తే తెల్లని అవక్షేపం దిగుతుంది. అక్కడ సోడియం, నైట్రేటు అయాన్లు ఉత్త ప్రేక్షకులు. వాటిని తొలగిస్తే మిగిలే వాక్యం ఇది: ఒక వెండి అయాను, ఒక క్లోరైడు అయాను కలిసి సిల్వర్ క్లోరైడు అయినవి. ఉప్పుకు బదులు పొటాషియం క్లోరైడు వాడినా వాక్యం మారదు. ఇంత తేటగా కర్తనూ క్రియనూ చూపే వాక్యాన్ని ఏ వ్యాకర్త మెచ్చడు?

ఇక తూకం మాట. పరమాణువుల లెక్క కుదిరితే చాలదు, విద్యుదావేశమూ కుదరాలి. ఫెర్రిక్ క్లోరైడు, స్టానస్ క్లోరైడు ద్రావణాలు కలిస్తే మూడు ధనావేశాల ఇనుము రెండుకు దిగుతుంది, రెండు ధనావేశాల తగరం నాలుగుకు ఎక్కుతుంది. ఒక్కొక్కటే వ్రాస్తే పరమాణువులు సరిపోతాయి. ఆవేశం మాత్రం ఎడమన 5, కుడిన 6. గణాలు కుదిరి యతి తప్పిన పద్యమన్నమాట! ఇనుప అయాన్లు రెండేసి తీసుకుంటే 8కి 8 సరిపోతుంది.

అందుచేత నా అభిప్రాయం ఇది. లవణ ద్రావణాల చర్యలను అయానిక సమీకరణంతోనే బోధించాలి. "చర్య జరగదు" అన్న జవాబుకు పరీక్షలో చోటుండాలి. పిల్లలకు కష్టమంటారేమో! నైట్రేట్లూ, సోడియం, పొటాషియంల సామాన్య లవణాలూ నీటిలో కరుగుతాయన్న సూత్రం మన సంధి సూత్రాలకన్న కఠినం కాదు.

ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడ ఉన్నాడో తెలియదు. ఆ సున్న నాది. రసాయనం తెలిసిన మిత్రులు ఇందులో దోషాలుంటే చెప్పగలరు. ఈసారి వింటాను.