48 పర్సంటైల్ వస్తే దాచుకునేదెందుకు?



ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఇంటర్ ఎంపీసీ చదివే మన పిల్లోళ్లను జేఈఈ మెయిన్‌లో ఎంతొచ్చిందని అడిగి చూడండి. చానామంది చెప్పరు. "యాభై కూడా రాలా అన్నా, ఈఏపీసెట్ ర్యాంకు చూసుకుంటాలే" అంటారు. ఈ మాట వాళ్లది కాదు. 95 పైన వచ్చినోళ్ల ఫొటోలు మాత్రమే ఫ్లెక్సీల మీదికెక్కించే కాలేజీలు నేర్పిన మాట. మన సీనియర్లు కొందరు గూడా "మనోళ్లకు ఈఏపీసెట్ చాలు, జేఈఈ దండగ" అని చెప్తాండారు. మా పేచీ వాళ్లతోనే.

లెక్క చూడండి. 2025లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి జనరల్ కటాఫ్ 93.1 పర్సంటైల్. ఎస్టీ కటాఫ్ 47.9. అంటే ఆ ఏడు 48 తెచ్చుకుని సిగ్గుతో గమ్మునుండిన పిల్లోడు ఐఐటీ పరీక్ష రాసే హక్కును చేతులారా వదులుకున్నట్టు. ఎందుకంటే అడ్వాన్స్‌డ్‌కు మళ్లీ వేరే అప్లికేషన్ పెట్టాల, దానికి గడువు కొద్ది రోజులే. కటాఫ్ దాటితే సీటొచ్చినట్టు కాదు, నిజమే. కానీ అక్కడ గూడా జనరల్ లిస్టుకు కావాల్సిన కనీస మార్కుల్లో సగం వస్తే ఎస్టీ ర్యాంకు లిస్టులో పేరుంటుంది. ఎస్టీ సీట్లు మిగిలిపోతే ఏడాది ప్రిపరేటరీ కోర్సు పెట్టి తీసుకునే దారి గూడా ఐఐటీల్లో ఉండాది. ఎస్టీ పిల్లలకు ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే. దండగ అనేవాళ్లు ఇందులో ఏది దండగో చెప్పాల.

జనవరిలో పోయింది కదా అని ఏప్రిల్ సెషన్ మానేసేవాళ్లు ఇంకొందరు. రెండుసార్లు రాస్తే ఎక్కువొచ్చిన స్కోరే లెక్క. రెండోది తక్కువొచ్చినా మొదటిది యాడికీ పోదు.

ఇంకో రోగముంది. ర్యాంకు బాగా వచ్చినోళ్లు ఎస్టీ అని పెట్టకపోవడం. "రిజర్వేషన్ సీటంటారన్నా" అని భయం. జోసా కౌన్సెలింగ్‌లో ఎస్టీ విద్యార్థిని ముందు కామన్ ర్యాంకుతో ఓపెన్ సీటుకు చూస్తారు. అక్కడ రాకపోతేనే ఎస్టీ కోటాకు చూస్తారు. ఓపెన్‌లో వచ్చిన సీటు మన కోటా లెక్కలో పడదు, కోటా సీటు ఇంకో తాండా పిల్లకు మిగుల్తుంది. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే ఇది. ఎస్టీ అని రాస్తే పోయేది ఏమీ లేదు, రాయకపోతేనే పోతుంది. సర్టిఫికెట్ మాత్రం కేంద్ర ఫార్మాట్‌లో తహసీల్దార్ ఆఫీసు నుంచి ముందే తెచ్చిపెట్టుకోండి. ఆ వారంలో పరిగెత్తితే పని కాదు.

ఈఏపీసెట్ వద్దని మేము అనలేదు. పులివెందుల జేఎన్టీయూ కాలేజీ, ప్రొద్దుటూరులో యోగి వేమన యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ దాంతోనే వస్తాయి. ఎస్టీలకు అందులో కనీస మార్కుల నిబంధన గూడా లేదు. కానీ ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులదే. ఎన్ఐటీలకు ఇంటర్లో 65 శాతం అడుగుతారు. ఎంట్రన్స్ ఉందిగా అని ఇంటర్ వదిలేస్తే రెండు పక్కలా దెబ్బే.

అసలు కోపం కాలేజీ పీఆర్వోల మీద. ర్యాంకు రాంగానే ఇంటికొస్తారు, అమ్మానాయనకు తియ్యగా మాటలు చెప్తారు, "ఆప్షన్లు మేమే పెడతాం" అని పాస్‌వర్డ్ తీసుకుంటారు. పెట్టేది వాళ్ల కాలేజీ ఒక్కటే. పిల్లోని ర్యాంకుకు పులివెందుల వచ్చేదేమో ఎవరికీ తెలియకుండానే అయిపోతుంది. ఇంకా ఘోరం, బీ కేటగిరీలో చేర్పించడం. ఆ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మొదటి ఏడాది అయిపోయినాక గొర్రెలమ్మి ఫీజు కట్టేది మన నాయనలే.

అందుకే ఈసారి ఆప్షన్లు పెట్టే రోజుల్లో మూడు ఊర్లలోనూ మేము కూర్చుంటాం. జేఈఈ స్కోరు కార్డు, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, ఇంటర్ మెమో మూడూ తీసుకుని రండి, ఎంత తక్కువొచ్చినా సరే. పీఆర్వో పాస్‌వర్డ్ అడిగితే "మా అన్నోళ్లతో మాట్లాడండి సార్" అని చెప్పి మా నంబర్ ఇయ్యండి.